మేకు మీది బిళ్ల

మంగళవారం, రాత్రి

నేపాల్ సరిహద్దు నది మీద కొత్త వంతెనకు పునాది బావి తవ్వడానికి మా ఆయన వెళ్లి నెల దాటింది. "దిగేటప్పుడు టోకెన్ ఇస్తున్నవా బిడ్డా?" అని మామ ఫోన్లో అడిగితే, "ఈడ గవేం లేవు బాపూ" అని నవ్వాడు. లోపల ఎవరున్నారో లెక్క తెలిసేందుకు ఏళ్ల తరబడి పైన టోకెన్ ఇచ్చి బొగ్గుబాయిలోకి దిగి, పైకొచ్చి తీసుకున్న మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. రేకు ముక్కను గుండ్రంగా కత్తిరించి, కొడుకు దిగే వేళకు రోజూ గోడ మేకుకు తగిలిస్తాడు. పైకొచ్చానని ఫోన్ వచ్చాకే తీస్తాడు.

ఈరోజు ఫోన్ రాలేదు, ఆయన నంబరు నుంచి నాకు మెసేజ్ వచ్చింది. "పైకి వచ్చిన. ఫికర్ చెయ్యకు."

నేను బిళ్ల తీయబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవని టోకెన్ వాడే వచ్చి తీసుకోవాలె. దోస్తు చేతికి సుత ఇయ్యరు. వాని గొంతు విననియ్యి."

చాదస్తమని విసుక్కున్నాను. అంట్లు తోముతుంటే గుర్తొచ్చింది. ఆయన నాకు ఏనాడూ మెసేజ్ రాయలేదు. టైపు చెయ్యడమే రాదు, ఏదున్నా మాట రికార్డు చేసి పంపుతాడు. అప్పటినుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను, స్విచాఫ్ అనే వస్తోంది.

మామ మేకు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టైపు సంగతి మామకు ఇంకా చెప్పలేదు.