సార్ చెప్పిన క్లర్కు పరీక్ష

గురువారం, రాత్రి

ఇప్పుడే రాయాలి. తెల్లారితే ఈ కోపం చల్లారిపోయి, మళ్లీ "పర్లేదు సార్" అనేస్తాను.

హెడ్జ్ ఫండ్లు, ప్రైవేట్ ఈక్విటీ లాంటి పెద్ద పెట్టుబడుల మీద పెట్టే ఆ సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు మాఫీ కావాలంటే యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ సిఫారసు ఉండాలి. ఒక్కరికే ఇస్తారు. మా హెడ్ సార్ దాన్ని నా క్లాస్‌మేట్ కార్తీక్‌కు ఇచ్చారు. తార్నాకలో టీ కొట్టు ముందు కూర్చోబెట్టి హెడ్జ్ ఫండ్ అంటే ఏమిటో వాడికి చెప్పింది నేనే. మాఫీ లేకుండా ఆ ఫీజు మాట ఇంట్లో ఎత్తను కూడా ఎత్తలేను.

"మార్కులు నాకే ఎక్కువ కదా సార్?" అన్నాను.

"మీ ఇంట్ల చదువుకున్నోళ్లు లేరు, చెప్పేటోళ్లు లేరు. నీకెందుకమ్మా గివన్నీ? బ్యాంకు క్లర్కు పరీక్ష రాసుకో, సెటిలైతవ్."

జాలిగా అన్నారు. నేను తలూపి వచ్చేశాను! ఇంట్లో చదువుకున్నవాళ్లు లేకపోతే నాకు వేరే ప్రశ్నపత్రం ఇస్తారా?

బయట కార్తీక్ నిలబడి ఉన్నాడు. "లావణ్యా, గా డెరివేటివ్స్ పాఠం ఇంకోసారి చెప్పవా, ప్లీజ్?" అన్నాడు. సిగ్గు కూడా లేదు.

రూమ్మేట్ సుప్రియ లైటాపమంటోంది. సార్‌కు పంపే మెయిల్ ముందు ఇక్కడ రాసుకుంటున్నాను:

"సార్, నన్నెందుకు పక్కన పెట్టారో కారణం రాసి పంపండి. దరఖాస్తుకు పదో తేదీ ఆఖరు. ఈసారి నేను 'పర్లేదు సార్' అనను. ఎనిమిదో తేదీలోగా జవాబివ్వండి."