గీకినవాడికే కాపలా

నేను కులాసా. నా ఉద్యోగం ఊడిందని మీ అన్నయ్య మోసుకొచ్చిన కబురు నమ్మకు. రేవు గోడ మీద నాచు గీకడమేగా నా పని. పెద్దసారు వస్తున్నాడని మేస్త్రీ తొందరపెడితే, మెట్లతో పాటు గోడంతా అద్దంలా గీకేశాను. తీరా చూస్తే అందులో ఎర్రరంగు గీతల గడి ఒకటి ఉందిట. నాచు ఎలా పెరుగుతుందో చూడ్డానికి కాలేజీ మేడమ్ రెండేళ్లుగా దాన్ని కాపాడుకుంటోందిట. నాచు కింద గీతలు నాకెలా కనిపిస్తాయి, నువ్వే చెప్పు! ఆవిడ గట్టు మీద కూలబడి ఏడ్చింది. మేస్త్రీ మెల్లగా జారుకున్నాడు. ఇప్పుడు ఆ గడికి నన్నే కాపలా పెట్టారు. రోజూ స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయాలట. నా ఖర్మ!

గ్యాసు ట్యూబు మార్పించావా? నా పాత రబ్బరు బూట్లు మీ అన్నయ్యతో పంపు, ఇక్కడిచ్చినవి జారుతున్నాయి. అత్తయ్యకు నమస్కారాలు. పాపాయిని తలుపు దగ్గర నిలబెట్టి, దారంతో ఎత్తు కొలిచి, ఆ దారం బూట్లో పెట్టు. నాచు ఎంత పెరిగిందని మేడమ్ అడిగితే ఠక్కున చెప్పాను. మీ పాప ఎంత ఎత్తైందని అడిగితే మాత్రం, చెయ్యి గాల్లో ఎక్కడ ఆపాలో తెలీలేదు.