మంగళవారం నాటి అదురు

సునంద మేడమ్ గారికి నమస్కారం.

మా వెనక గదిలో మీరు పెట్టిన భూకంపాల పెట్టె విషయంలో మేము తప్పు చేశాం. అందులో ఏ అదురూ నమోదు కాకపోతే మీరు తీసుకుపోతారని మా అత్త ఓబమ్మ భయపడింది. "అది ఊరికే కూసోనుంటే ఎత్తుకపోతారు మే. దానికీ రోంత పని పెడదాం" అంటూ నెల రోజులుగా పొద్దున్నే దాని పక్కన రోలు పెట్టి కొర్రలు దంచింది. నేనూ పోటు వేశాను. ఆ అదురులన్నీ తీసేయండి. నిన్ననే రోలును వీధి చివరికి దొర్లించాను.

పెట్టెను మాత్రం తీసుకుపోకండి. అదురు తీరును బట్టి అడుగున మెత్తమట్టి ఎంత లోతుందో తెలుస్తుందని మీరే చెప్పారు. కిందటేడు నేల కాస్త అదిరితే గుట్ట వీధిలో గోడలు నిలిచాయి, మా వీధిలో చీలాయి. ఇప్పుడు అంగన్‌వాడీ గది మా వీధిలోనే కడతారట. "మీ పెట్టె చెప్పేదాంక ఆగల్లా?" అని సర్పంచ్ నవ్వాడు. "ఆగల్ల అన్నా. ఆడ కూసునేది పిల్లోల్లు" అన్నాను. లోతు తెలిసేదాకా పునాది తవ్వనివ్వను.

మొన్న మంగళవారం కూడా పొద్దున్నే బిందెలు గలగలమన్నాయి. దాన్ని రోకలి పోటు అనుకుని కొట్టేయకండి. మా ఇంట్లో మంగళవారం ఎవరూ రోకలి ముట్టరు.

ఇట్లు,
ఓబమ్మ కోడలు