గ్యాలరీలో మన పరుపు

ఏమండీ,

షిఫ్టు నుంచి రాగానే తలుపు తీయకండి. గదికి నల్లుల మందు కొట్టించాను, రేపు తెల్లారేదాకా లోపలికి పోకూడదట. మీ జొన్నరొట్టెలు, వంకాయ కూర పక్క గది పెడణేకర్ కాకూ దగ్గరున్నాయి. నేను దాదర్ వెళ్ళి మా అక్కనడిగి దుప్పట్లు తెస్తాను.

అప్పుడే కళ్ళెర్రజేయకండి. "అందరిలో పరువు పోతుంది, దోమలని చెప్పు" అన్నారు మీరు. రాత్రంతా గోక్కుని చస్తున్నది నేను కదా! పొద్దున్నే పరుపు లాక్కొచ్చి గదుల ముందు గ్యాలరీ కటకటాల మీద ఎండేశాను. కాకూ చూసి, "అమ్మయ్య, మీకూ ఉన్నాయా కుందా! మా ఒక్క ఇంట్లోనే అనుకుని సిగ్గుతో చచ్చిపోతున్నామే!" అంది. టీ మరిగేలోగా వరసంతా పరుపులే. మందు కొట్టే అతను ఒకటే నవ్వు. ఇన్నాళ్ళూ ఒక్కో ఇంటివాళ్ళు తనను గుట్టుగా పిలిపించుకున్నారట. ఒక గదిలో కొడితే అవి పక్క గదికి కాపురం మార్చాయట. ఇవాళ అన్ని గదులకీ కలిపి కొట్టాడు.

ఇక దాచడానికేం లేదు కనుక ఈ చీటీ తలుపుకే అంటిస్తున్నా.

కుందా

రాత్రికి అందరికీ గ్యాలరీలోనే పడక. మీ పక్కన నాకు చోటుంచండి.

యశవంతా, చీటీ అందరం చదివాం. చోటు మేం ఉంచుతాంలే, నువ్వు ముందొచ్చి రొట్టె తిను. పెడణేకర్ కాకూ.