కడగకూడని నేల

పొన్నూరు

చెల్లి సుగుణకు,

నీకూ, మరిదిగారికీ, పిల్లలకూ దేవుని కాపుదల ఉండాలని రోజూ మోకరించి అడుగుతున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ మూడు పూటలా వరి అన్నమే. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని సజ్జలు పంపు. కనిగిరిలో నీళ్లకు కటకటలాడాం కదా, ఇక్కడ కాలవ నిండా నీళ్లే. నాకొచ్చిన తంటా అంతా ఆ నీళ్లతోనే.

నేను మేట్రన్‌గా చేరిన ఈ ఆడపిల్లల హాస్టలు పాత మిషను బంగళా. మేడ మీద ప్రార్థన గది నేలంతా టేకు చెక్క. ఎవరో ఎప్పుడో దానికి ఎర్ర రంగు పూసి, పైన ప్లాస్టిక్ షీటు పరిచారు. కమిటీ సెక్రటరీగారు చెక్కలు పీకించి టైల్స్ వేయిద్దామన్నారు. ఒకసారి బాగుచేయించి చూడండి, కుదరకపోతే మీ ఇష్టం అన్నాను. కమిటీ పెద్దలు ఒప్పుకున్నారు.

వడ్రంగి కాశీంగారు రంగంతా గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించారు. "పొడి గుడ్డతో తుడవడమేనమ్మా. నీళ్లు తగలనివ్వద్దు" అన్నారు. పిల్లలకూ, ఆదివారం అక్కడ ప్రార్థనకొచ్చే చర్చి స్త్రీల సమాజం వాళ్లకూ, అందరికీ చెప్పాను. సాయంత్రం ప్రార్థన ముగించి మళ్లీ చెప్పాను.

శనివారం బజారుకెళ్లి వచ్చేసరికి మెట్ల మీద నుంచి నురగ కారుతోంది. పైన స్త్రీల సమాజం వాళ్లు బకెట్లతో నీళ్లు పోసి, సర్ఫ్ చల్లి, చీపుళ్లతో రుద్దుతున్నారు.

"ఏంటిది మరియమ్మా? చెప్పాను కదా" అన్నాను వాళ్ల పెద్దతో.

"మామూలు రోజులకనుకున్నామండి. రేపు ఆదివారమాయె. కడగని నేల మీద మోకాళ్లెట్టా వేస్తామండి?"

"ఫినాయిలు కూడా పోశామండి" అంది వెనక నుంచి ఇంకొకామె, నేను సంతోషిస్తానని.

నోరు తెరిస్తే ఏమంటానో అని, గుడ్డ తెచ్చి తుడుస్తూ కూర్చున్నాను.

సోమవారానికి చెక్కలు దోసెల్లాగా అంచులు లేపాయి. సెక్రటరీగారు చూసి, "టైల్స్ అయితే ఈ గొడవ ఉండేదా అమ్మా?" అన్నారు. ఉండేది కాదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

కాశీంగారు కిటికీలన్నీ తెరిపించి ఆరబెట్టారు. చాలావరకు చెక్కలు సర్దుకున్నాయి. తలుపు దగ్గరవి మాత్రం మళ్లీ చిత్రిక పట్టాల్సి వచ్చింది. నిన్న పెద్దలు వచ్చి, చెప్పులు విడిచి, అటూ ఇటూ నడిచారు. నేను గడప దగ్గర నిలబడి లోలోపల ప్రార్థిస్తూనే ఉన్నాను. చివరికి చెక్క నేలనే ఉండనిద్దామన్నారు. సెక్రటరీగారు ఊరుకోలేదు. "ఇంకోసారి నీళ్లు పడితే టైల్సే. పూచీ మీది" అన్నారు. సరేనన్నాను.

దేవునికి స్తోత్రం చెప్పుకుని కిందికి దిగానో లేదో, మరియమ్మ ఎదురొచ్చింది.

"క్రిస్మస్‌కి ఊరెళతారంట కదండీ. దిగులు పడమాకండి. పండగ పనికి మేవంతా ఉన్నాం. మేడ తళతళలాడాల్సిందే."

కాబట్టి సుగుణా, క్రిస్మస్‌కు నా కోసం చూడవద్దు. అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు. కొత్త సంవత్సరం ఆరాధన కూడా అయ్యాక వస్తాను. మరిదిగారికీ, పాస్టరు అయ్యగారికీ నా వందనాలు. నా కోసం ప్రార్థించమని అమ్మతో చెప్పు. ఆరోగ్యం కోసం కాదు, ఓర్పు కోసం.

నీ పెద్దక్క,
కరుణమ్మ