కొక్కేనికి తగిలించిన చెక్కలు

ఆగస్టు 3
ఇది ఎవరికీ పోదు. నా నంబరుకే నేను పంపుకుంటున్నా. నోటితో చెప్పడం నాకు రాదు.
నాయన ఇవాళ కూడా మాట్లాడలేదు. బోరు ఎండింది. శెనక్కాయ పంట మాడింది. ఓబులేసు మామను పిలిచి ఆయన గొర్రెలను చేలోకి తోలమన్నాడు. అవి మేస్తుంటే నిలబడి చూశాడు. అప్పటి నుంచి ఇంతే.

ఆగస్టు 4
పురుగుల మందు డబ్బా దాచేశా. ఎక్కడో ఇక్కడ కూడా రాయను.
పక్క ఊర్లో ఒకాయన ఇట్లే మాట మానేశాడు. తర్వాత...

ఆగస్టు 5
నాయన చేనికి పోతే వెనకాలే పోయా. బోరు గొట్టం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.
"ఏంరా, నా ఎనకాలే తిరుగుతాండావు?"
మేకపిల్ల తప్పిపోయిందన్నా. మాకు మేకలే లేవు. నాయన ఆ అబద్ధం కూడా పట్టుకోలేదు. అదే భయం.

ఆగస్టు 6
సుశీలక్క వచ్చింది. కష్టంలో ఉన్న ఇళ్లకు తిరిగే అక్క. అమ్మ ఏడుస్తూ లేనివన్నీ చెప్పింది. నీళ్లు, పంట, నిద్ర.
అక్క మొత్తం విని — "లేనివి తెలిసెనమ్మా. ఉండేది చెప్పు. మీ ఆయనకు ఏమేమొస్తాది?"
"సేద్యం చేసేటోనికి ఏమొస్తాదిలే అక్కా."
నాకు తెలుసు. అక్క వీధి దాటాక మెసేజ్ పెట్టా. చెక్కభజన, చెక్కలు మోగిస్తూ అడుగులేసేది. మా ఊరి జట్టుకు నాయనే గురువు. పంట పోయాక చెక్కలు కొక్కేనికి తగిలించాడు, మళ్లీ తియ్యలేదు.
వెంటనే జవాబు: "ఇంత పెద్ద సంగతి దాచిపెట్టుకున్నావే! నాయన్ను ఒంటరిగా ఇడిసిపెట్టొద్దండి. సోమవారం గుత్తిలో డాక్టరు కాడికి నేనూ వస్తా. భయమైతే ఎప్పుడైనా ఫోన్ చెయ్."
ఫోనా... నేనా.

ఆగస్టు 7
అక్క చెప్పినట్టే నాయన దగ్గర ఎవరో ఒకరు ఉంటున్నారు. ఒకరు బీడీకి అని, ఒకరు ఎద్దు కాలు చూడమని. సాయంత్రం భజన జట్టంతా మా వాకిట్లో.
జట్టులో ఉండే ఓబులేసు మామ నా చెవిలో — "కావాలనే తప్పడుగు ఏస్తాం. మీ నాయన అన్నం లేకుండా ఉంటాడు గాని, తప్పు చూసి ఉండలేడురా."
వేశారు. ఘోరంగా.
నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆగస్టు 8
ఒకడు తక్కువ పడ్డాడని నన్ను లాగారు. అందరూ చూస్తుంటే నాకు కాళ్లే ఆడవు. వాళ్లవి దొంగ తప్పులు, నావి నిజం. చెక్క జారింది. మామ కాలు తొక్కా.
"ఏమప్పా, నువ్వు గురువు కొడుకువా, గుంతకల్లులో రైలు తప్పి ఈడికొచ్చినోనివా?"
నవ్వులు. లోపలికి పారిపోబోతున్నా —
"ఎడమ కాలురా."
నాయన గొంతు. మంచం మీంచే.
"మోకాలు వంచు. కట్టె మాదిరి నిలబడొద్దు."
అమ్మ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆగస్టు 9
నాయన లేచాడు. మధ్యలో నిలబడి అడుగు చూపించాడు. మామను కూడా తిట్టాడు. "ఇన్నేండ్లు నేర్పిస్తే ఇదేనప్పా నువ్వు ఏసేది?" మామ పళ్లికిలించాడు.
రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత మళ్లీ అదే చూపు. బోరు దిక్కు.

ఆగస్టు 10
నా చెక్కకు బిళ్ల ఊడింది. మోగడం లేదు. నాయన తిప్పి చూసి — "రేపు చూస్తాలే."
రేపు అన్నాడు.
ఇన్నాళ్లలో ఆ మాట అనడం ఇదే మొదలు. అక్కకు పంపా. "మంచిదే. అయినా కనిపెట్టుకోని ఉండండి. పొద్దున్నే బస్సుకు వస్తా."

ఆగస్టు 11
తెల్లారింది. నాయన మంచం ఖాళీ. పక్కన మామ — కాపలా ఉన్నోడు — గురక పెడుతున్నాడు.
డబ్బా దాచిన చోటే ఉంది. చూసొచ్చా.
కొక్కెం మీద నాయన చెక్కలు లేవు. నావీ లేవు.
అక్కకు ఫోన్ చేశా. నోటితోనే. మాట వచ్చింది. "మామను లేపు, చెరో దిక్కు పోండి. నేను బస్సులో ఉండా."
మామ బోరు దిక్కు ఉరికాడు. నేను వడ్రంగి ఆచారి కొట్టం దిక్కు. చెక్క బాగు చేయాలంటే అక్కడికే కదా...
మలుపు దగ్గర ఆగా. సుత్తి చప్పుడు వస్తుందేమోనని. గాలి ఒక్కటే.
రేపు అన్నాడు. ఆ రేపు ఇవాళే కదా.
పోతున్నా.