నువ్వు పంపిన సీసాలో నీళ్ళు

బుజ్జిబాబుకు అమ్మ ఆశీస్సులు. నా కోడలికి నీకంటే ఒక గుప్పెడు ఎక్కువే.

ఇక్కడ నేనూ, మీ నాన్నా బాగానే ఉన్నాం. ఆయన బాగున్నారంటే ఆయన మోకాళ్ళు మాత్రం ఒప్పుకోవడం లేదు. మెట్లు దిగుతున్నంతసేపూ ఒక్కో మెట్టునూ పేరుపెట్టి తిడుతున్నారు. మీరిద్దరూ అక్కడ ఎలా ఉన్నారని ఈసారి అడగను. ఎందుకు అడగనో ఈ ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో మడిచి జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తకు, కూర్చుని చివరిదాకా చదువు.

నీ గది ఎవరికైనా ఇచ్చేశామా అని అడిగావు. ఇవ్వలేదు. మీ నాన్న బాగుచేస్తానంటూ ఊళ్ళోని విరిగిన గొడుగులన్నీ తెచ్చి అందులో పోగేశారు. ఇంతవరకూ ఒక్క గొడుగూ తెరుచుకున్న పాపాన పోలేదు. ఈ వయసులో ఇంకా ఆ నీళ్ళ పరీక్షల ల్యాబ్ చుట్టూ తిరగడమెందుకమ్మా అని కూడా రాశావు. ఇంట్లో ఉంటే ఆ గొడుగులు పట్టుకుని నిలబడాలి నాయనా, అందుకు.

ఇక నీళ్ళ సంగతి. కోడలు పట్టపగలే నిద్రపోతోందని, ఎండలో కూడా చలి అంటోందని, దువ్వెన నిండా జుట్టు వస్తోందని రాశావు. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనని నువ్వు అన్నావు, కుళాయి నీళ్ళ మీదే అనుమానంగా ఉందని తను అంది. తన అనుమానం తీర్చడానికి సీసా నింపి బస్సు డ్రైవర్ చేత పంపించావు. "ఏమొచ్చినా నాకొక్కడికే చెప్పమ్మా, ఎవరితోనూ అనకు, మా యజమాని చెవిన పడితే నా ఉద్యోగానికే ఎసరు" అని కింద గీత గీసి మరీ రాశావు. ఆ మాట నేను మరిచిపోలేదు.

మీ ఫ్యాక్టరీలో ఓడలకూ రైళ్ళకూ ప్రమాద సూచనగా వెలిగించే ఎర్రమంట కర్రలు చేస్తారు కదా. ఆ మందులో పెర్‌క్లోరేట్ అనే ఉప్పు కలుస్తుంది. నీళ్ళలో కలిసినా రంగూ వాసనా ఉండదు, నాలుకకు తెలియదు. అది ఒంట్లో చేరితే మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది, కోడలికి ఉన్న నిద్రా చలీ జుట్టు రాలడమూ అలాగే వస్తాయి, కడుపులో బిడ్డకూ మంచిది కాదు. అందుకే నీ సీసా రాగానే ముందు దానికోసమే వెతికాను.

ఎలా వెతుకుతామో నీకు చిన్నప్పుడు చెబితే ఆవలించేవాడివి. ఈసారి వినక తప్పదు. మా దగ్గర వేలెడు పొడవున్న ఉక్కు గొట్టం ఒకటి ఉంది, దాన్ని కాలమ్ అంటాం. మామూలుగా అయితే అది ఇలాంటి ఉప్పుల్ని పట్టించుకోదు. అందరూ ఒకేసారి తోసుకుంటూ బయటపడతారు, ఎవరెవరో తెలియదు. అందుకని సబ్బులాంటి ఒక మందును గంటల తరబడి అందులోకి పంపి, లోపలంతా పూత పట్టిస్తాం. ఆ పూత ఒక్కొక్క ఉప్పునూ ఒక్కో సేపు చెయ్యి పట్టుకుని ఆపుతుంది. పెర్‌క్లోరేట్‌ను అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది. అది అందరూ వెళ్ళిపోయాక తీరిగ్గా వచ్చే చుట్టం. అది వచ్చినప్పుడు కంప్యూటర్ తెర మీద గీత గుట్టలా లేస్తుంది.

నీ నీళ్ళు పంపి ఆ తెర ముందు కూర్చున్నాను. మొదట్లో ఒక పెద్ద గుట్ట లేచింది. ఆ తరువాత గీత చదునుగా సాగిపోయింది. పెర్‌క్లోరేట్ రావలసిన వేళ దాటింది, ఏమీ రాలేదు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. "నీళ్ళు బంగారంలా ఉన్నాయిరా, నీ పెళ్ళాన్ని గుండె మీద చెయ్యేసుకుని పడుకోమను" అని ఉత్తరం మొదలుపెట్టాను కూడా.

కానీ ఏ నీళ్ళు చూసినా వాటి వెనకే తెలిసిన ద్రావణం ఒకటి పంపడం మా పద్ధతి. మేమే కావాలని పెర్‌క్లోరేట్ కలిపి ఉంచుకున్నది. పంపాను. అదీ చదునుగానే వచ్చింది. ఉన్నదని తెలిసినదాన్ని చూడలేని యంత్రం, లేదని చెబితే ఎలా నమ్మను?

మా ల్యాబ్‌లో ఈమధ్య ఒకావిడ చేరింది. మందుల కంపెనీ నుంచి వచ్చింది. ఏది కనిపించినా తుడిచేస్తుంది కాబట్టి అందరం 'శుభ్రం' అని పిలుస్తాం. కాలమ్‌కు ఏం చేశావమ్మా అని అడిగాను.

"సాయంత్రం వెళ్ళేటప్పుడు మిథనాల్ స్పిరిట్‌తో బాగా కడిగి పెట్టానండీ. మా పాత చోట అలా కడక్కుండా ఇంటికెళ్తే ఊరుకునేవాళ్ళు కాదు" అంది గర్వంగా.

"తల్లీ, అక్కడ కడిగితే మురికి పోతుంది. ఇక్కడ పూత పోతుంది" అన్నాను.

పాపం, ఆమె ముఖం పాలిపోయింది. కోప్పడలేదులే. పూత పోయిన గొట్టం దేన్నీ ఆపలేక అన్నిటినీ కలిపి మొదటి గుట్టలోనే బయటికి తోసేసింది. బుజ్జీ, ఆ క్షణం గురించి నీకో మాట చెప్పాలి. మొదలుపెట్టిన ఉత్తరాన్ని అలాగే పూర్తి చేసెయ్యాలనిపించింది. నువ్వు అడిగినదానికి జవాబు చేతిలో ఉంది, అందరికీ నచ్చే జవాబు.

చించేశాను. మధ్యాహ్నమంతా కూర్చుని మళ్ళీ పూత పట్టించాం. ముందు తెలిసిన ద్రావణం పంపాం, దాని గుట్ట దాని చోట లేచింది. శుద్ధమైన నీళ్ళు పంపాం, ఏమీ లేవలేదు. తరువాత నీ సీసా. అన్నీ వచ్చి వెళ్ళాయి, ఆ చివరి చుట్టం కూడా వచ్చాడు. మేం కలిపి ఉంచుకున్నదానికంటే ఎత్తుగా లేచాడు. శుభ్రం నా భుజం పట్టుకుని "ఇంకోసారి చూద్దామండీ" అంది. చూశాం. మళ్ళీ అంతే.

వెంటనే కోడలికి ఫోన్ చేసి ఆ నీళ్ళు తాగొద్దన్నాను. "కాచే తాగుతున్నా కదా అత్తయ్యా" అంది. కాస్తే పురుగు చస్తుంది కానీ ఉప్పు పోదు, ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుందని చెప్పాను.   తను ఒకటే అడిగింది.

"నేను మానేస్తాను, సరే. మరి పక్కింటావిడకి ఏం చెప్పనత్తయ్యా? ఆవిడకి నెలలు నిండాయి. లేవలేకపోతోందని రోజూ నేనే కాచి ఇస్తున్నాను."

 ఎవరితోనూ అనకని నువ్వు గీత గీసిన మాట గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాకటి నుంచి గొడుగుల గురించీ గొట్టాల గురించీ చెబుతూ దాటేస్తున్నది ఇదే. నీ ఉత్తరం రెండో పేజీలో ఒక మాట ఎంతో మురిపెంగా రాశావు. మందు కలిపే షెడ్డు కడిగిన నీళ్ళు దారి మీదికి పారి అందరూ జారిపడుతున్నారని, నీ సొంత ఆలోచనతో మీరుండే క్వార్టర్ల వెనక గొయ్యి తవ్వించి అందులోకి మళ్ళించావని, యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడని. మీ నాన్న ఆ పేజీ పక్కింటివాళ్ళకు కూడా చదివి వినిపించారు. ఆ గొయ్యికీ మీ కుళాయిలకు నీళ్ళిచ్చే బోరుబావికీ మధ్య ఎంత దూరం ఉందో నువ్వే కొలుచుకో. నాకు చెప్పకు.

నీకు తెలియదు. తెలిసి ఉంటే నీ చేత్తో నువ్వు చెయ్యవు. ఆ సంగతి ఎవరి ముందైనా చెబుతాను. కానీ నేను మంచినీళ్ళ అధికారి దగ్గరికి వెళ్ళాను బుజ్జీ. నువ్వు వద్దన్నా వెళ్ళాను. కాగితాలు చూశాడు.

"ఇది ఆ బావిలోకి ఎలా వచ్చిందంటారు?" అన్నాడు.

"క్వార్టర్ల వెనక గొయ్యి ఉంది. షెడ్డు కడిగిన నీళ్ళు అందులోకి వదులుతున్నారు."

"ఎవరు తవ్వించారో తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"మా అబ్బాయి" అన్నాను.

అతను రాయడం ఆపి నావైపు చూశాడు. "మీ అబ్బాయేనా?"

"అవును. రాసుకోండి."

తనిఖీకి వస్తారు. వాళ్ళు రాకముందే నువ్వే యజమానికి చెప్పి నీళ్ళు వదలడం ఆపించు. గొయ్యి మాత్రం పూడ్చకు, దాచినట్టవుతుంది. పక్కింటావిడకూ, ఆ వరసలోని ఆడవాళ్ళందరికీ ఈ ఉత్తరం అందిన పూటే చెప్పు. కోడలిని వెంటనే బస్సెక్కించి ఇక్కడికి పంపు. డాక్టరుతో మాట్లాడాను, రక్తం పరీక్ష చేసి చూస్తేగానీ ఏమీ చెప్పలేనన్నారు. బిడ్డకు ఏమవుతుందో నాకూ తెలియదు. ఏమీ కాదని రాయాలని ఉంది, రాయలేను. తన కోసం నీ గదిలోని గొడుగులన్నీ వసారాలోకి తీయించాను. మీ నాన్న ఒక్క మెట్టునూ తిట్టకుండా ఆయనే మోశారు. అప్పుడే అనుకున్నాను, ఆయనకు అంతా అర్థమైందని.

గొయ్యి సంగతి కోడలికి నేను చెప్పలేదు. అది నీ నోట వినాలి తను. బస్సు ఎక్కకముందే చెప్పు.

నీ మీద కోపం లేదు. భయంగా ఉంది, అంతే. నీ ఉద్యోగం పోతే అది నా వల్లే, ఎవరడిగినా అలాగే చెప్పు.

ఇట్లు,
ఇంకా అలా పిలవాలనిపిస్తే,
మీ అమ్మ